ఉక్కు కొలిమిలో పొదుపు.. ఊరికి తొలి సేవ

పటాన్‌చెరు: బొగ్గును, విద్యుత్తును అత్యధికంగా వినియోగించే పరిశ్రమల్లో ఉక్కు ఒకటి. ఇంధనం వృథా అయిన కొద్దీ ఉత్పత్తి వ్యయం పెరుగుతుంది. పొగ, ధూళి పరిసర గ్రామాలపై మరింతగా పడతాయి. అందువల్ల ఉక్కు కర్మాగారంలో ఇంధన పొదుపును, సమాజ సేవను వేర్వేరుగా చూడలేం. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల పరిసర ప్రజలు కూడా ఈ రెండింటినీ కలిపి పరిశీలించవలసి ఉంది. ఇందుకు తెలుగునాట ఉన్న పెద్ద ఉదాహరణ విశాఖ ఉక్కు కర్మాగారం.

ఉద్యమం నుంచి ఉత్పత్తి వరకు

'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' నినాదంతో 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1971 జనవరి 20న నాటి ప్రధాని ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ లిమిటెడ్ ఏర్పడింది. 1992 ఆగస్టు 1న నాటి ప్రధాని పి.వి.నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఏటా 30 లక్షల టన్నుల ద్రవ ఉక్కు సామర్థ్యంతో మొదలైన కర్మాగారం విస్తరణల అనంతరం 73 లక్షల టన్నుల స్థాయికి చేరింది. సొంత ఇనుప గనులు లేకపోవడం దీనికి ఆది నుంచీ భారమే. ముడిసరకును బయట కొనక తప్పని సంస్థకు ఇంధనంలో చేసే ప్రతి పొదుపూ విలువైనదే.

వృథా వేడితో విద్యుత్తు

బ్లాస్ట్ ఫర్నేసులో వాడే కోక్‌ను బొగ్గు నుంచి తయారుచేస్తారు. బట్టీ నుంచి బయటకు వచ్చే కోక్ సుమారు 1,000 డిగ్రీల వేడితో ఎర్రగా కాలుతుంటుంది. దానిపై నీళ్లు చల్లి చల్లార్చడం పాత పద్ధతి. అలా చేస్తే వేడంతా ఆవిరై ఆకాశంలో కలుస్తుంది. వెంట ధూళి కూడా లేస్తుంది. విశాఖలో ఆరంభం నుంచే పొడి పద్ధతిని ఎంచుకున్నారు. మూసి ఉన్న గదిలో నైట్రోజన్ వాయువును కోక్ గుండా పంపుతారు. వాయువు గ్రహించిన వేడితో బాయిలర్‌లో ఆవిరి తయారవుతుంది. ఆ ఆవిరితో విద్యుత్తు ఉత్పత్తి చేస్తారు. నీరు ఆదా కావడం, ధూళి తగ్గడం అదనపు ప్రయోజనాలు.

గోదావరి, కృష్ణ అని పేర్లు పెట్టిన రెండు బ్లాస్ట్ ఫర్నేసుల పైభాగం నుంచి పీడనంతో వెలువడే వాయువుతో తిరిగేలా ఒక్కొక్కటి 12 మెగావాట్ల సామర్థ్యం గల రెండు టర్బైన్లను ఏర్పాటు చేశారు. సింటర్‌ను చల్లార్చేటప్పుడు వచ్చే వేడి నుంచి విద్యుత్తు తీసేందుకు జపాన్ సంస్థ నెడో సహకారంతో 20.6 మెగావాట్ల ప్లాంటును నెలకొల్పారు. ఈ విద్యుత్తు కోసం కొత్తగా బొగ్గు కాల్చవలసిన పని లేదు.

ఆపదలో ప్రాణవాయువు

ఉక్కు తయారీకి ఆక్సిజన్ తప్పనిసరి. కొవిడ్ రెండో విడత విజృంభించిన 2021 ఏప్రిల్‌లో ఇక్కడి ఆక్సిజన్ రోగుల ప్రాణాలు నిలిపింది. దేశంలో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు విశాఖ ఉక్కు కర్మాగారంలోనే ద్రవ ఆక్సిజన్ నింపుకొని మహారాష్ట్రకు బయలుదేరింది. అదే ఏడాది జనవరి 27న కర్మాగారంలో పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్ర మంత్రివర్గ సంఘం ఆమోదం తెలిపింది. 2025 జనవరిలో కేంద్రం రూ.11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీని ప్రకటించింది. మరోవైపు, భూములిచ్చిన కుటుంబాలన్నింటికీ ఉద్యోగాలు దక్కలేదన్న నిర్వాసితుల ఆవేదన దశాబ్దాలుగా వినిపిస్తూనే ఉంది.

చట్టం ఏం చెబుతోంది?

ఇంధన పరిరక్షణ చట్టం 2001లో వచ్చింది. దాని కింద 2012లో మొదలైన 'పాట్' పథకం తొలి విడతలో 478 భారీ యూనిట్లకు పొదుపు లక్ష్యాలు విధించగా, వాటిలో 67 ఇనుము, ఉక్కు రంగానివి. సమాజ సేవకు 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ఆధారం. నిర్దేశిత పరిమితులు దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం వెచ్చించాలి. కర్మాగారం ఉన్న ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. అయితే లాభాలు లేని సంవత్సరాల్లో ఈ నిధి కుంచించుకుపోతుంది. ఇంధన పొదుపు వల్ల కలిగే మేలు నష్టాల కాలంలోనూ ఆగదు.

మన ప్రాంతానికి పాఠం

ఇండక్షన్ ఫర్నేసులో టన్ను తుక్కు ఇనుము కరిగించడానికి సుమారు 600 యూనిట్ల విద్యుత్తు కావాలి. తుప్పు, మట్టి లేని తుక్కు వాడడం, ఫర్నేసుపై మూత ఉంచడం, బిల్లెట్లను చల్లారనివ్వకుండానే రోలింగ్ మిల్లుకు పంపడం చిన్న యూనిట్లకూ సాధ్యమే. రీహీటింగ్ ఫర్నేసు పొగగొట్టంలోకి పోయే వేడితో లోపలికి వెళ్లే గాలిని వేడి చేయవచ్చు. ఆ గాలి ఉష్ణోగ్రత ప్రతి 20 డిగ్రీలు పెరిగితే ఇంధనం దాదాపు 1 శాతం ఆదా అవుతుందన్నది ఇంజినీర్ల లెక్క.

పటాన్‌చెరు, బొల్లారం ప్రజలకు కాలుష్యం కొత్త కాదు. రసాయన వ్యర్థాలతో నక్కవాగు విషతుల్యమైందంటూ 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. చెడిపోయిన ఊరికి మంచినీళ్లు ఇవ్వడం సేవ కాదు, పరిహారం మాత్రమే. బడికి గదులు, ఊరికి వైద్య శిబిరం అవసరమైనవే అయినా, పొగగొట్టం లెక్కకు అవి ప్రత్యామ్నాయం కావు. కంపెనీలు సామాజిక బాధ్యత ఖర్చును వార్షిక నివేదికలో వెల్లడించాలి. పర్యావరణ అనుమతుల కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే, ఊరికి ఏం కట్టిస్తారన్న దానితోపాటు టన్ను ఉక్కుకు ఎంత ఇంధనం వాడుతున్నారు, ఏటా ఎంత తగ్గిస్తారు అని కూడా గ్రామస్థులు అడగాలి.