చింబొరాజో

చింబొరాజో దక్షిణ అమెరికాలోని ఈక్వడార్‌లో, ఆండీస్ శ్రేణిలో ఉన్న నిద్రాణ అగ్నిపర్వతం. 6,263 మీటర్లతో ఆ దేశంలో ఇదే ఎత్తైన శిఖరం. భూమధ్యరేఖ దగ్గర భూమి ఉబ్బెత్తుగా ఉండడంతో, భూకేంద్రం నుంచి కొలిస్తే ఎవరెస్టు కన్నా ఈ శిఖరమే దాదాపు 2 కిలోమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటుంది.

ఆరోహణ చరిత్ర: 1802లో జర్మన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ ప్రయత్నించి, శిఖరం చేరకుండానే వెనుదిరిగాడు. 1880లో ఆంగ్లేయుడు ఎడ్వర్డ్ వింపర్, ఇటలీకి చెందిన ఇద్దరు కారెల్ కుటుంబీకులు తొలిసారి శిఖరం చేరారు.

మార్గం: సుమారు 4,800 మీటర్ల ఎత్తులోని కారెల్ విడిది దాకా వాహనాలు వెళ్తాయి. అంతకుముందే తక్కువ ఎత్తున్న కొండలెక్కి పలుచని గాలికి ఒళ్లు అలవాటు చేసుకోవాలి. బూట్లకు ఇనుప ముళ్లు తొడిగి, ఒకే తాడుకు కట్టుకుని, గైడు వెంట అర్ధరాత్రి వేళకే బయలుదేరతారు. ఎండెక్కితే మంచు పట్టు సడలి రాళ్లు దొర్లుతాయి. అందుకే పొద్దెక్కకముందే దిగడం మొదలుపెడతారు.

జనజీవనం: ఒకప్పుడు స్థానికులు హిమానీనదం నుంచి మంచు దిమ్మెలు నరికి, గడ్డిలో చుట్టి, గాడిదలపై రియోబాంబా పట్టణ సంతకు తెచ్చేవారు.