కళాసీ పేరు చెక్కని శాసనాలు

మాచర్ల మీదుగా విజయపురి సౌత్ వెళ్ళి లాంచీ ఎక్కితే నాగార్జునకొండ చేరతాం. ఇవాళ అది ద్వీపం. సాగర్ నీళ్ళు నిండకముందు మామూలు కొండ. దాని కింది లోయలోనే క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. 1926లో ఆ శిథిలాలు పురావస్తు శాఖ కంటపడ్డాయి. తర్వాత ఏళ్ళ తరబడి జరిగిన తవ్వకాల్లో బయటికొచ్చిన శాసనాల్లో ఒకటి బోధిశ్రీ అనే ఉపాసికది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పాలనలో 14వ ఏట వేయించింది. తామ్రపర్ణి నుంచి, అంటే సింహళం నుంచి, వచ్చిన స్థవిరులకు చైత్యగృహం కట్టించానని చెప్పుకుంది. ఆ స్థవిరులు ధర్మం చాటిన దేశాలంటూ కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, యవన, ద్రవిడ మొదలైన దేశాలను వరసగా పేర్కొంది. కంటకశెలలో, అంటే నేటి ఘంటసాలలో, మహాచైత్యం తూర్పు వాకిట రాతి మండపం తానే కట్టించానని కూడా రాయించింది.

సముద్రం కంటికానని పల్నాడులో ఈ ఓడల లోకం ఎక్కడిది? అంతా కృష్ణమ్మ పుణ్యం. నది దిగువన రేవులున్నాయి, రేవుల్లో ఓడలున్నాయి. రెండు కొయ్యలు నిలబెట్టిన ఓడ బొమ్మ శాతవాహనుల నాణేల మీదే కనిపిస్తుంది. సింహళ భిక్షువులు విజయపురి దాకా రావడమంటే మొదట ఎవరో వాళ్ళను సముద్రం దాటించి ఉండాలి కదా! ఎవరు? బోధిశ్రీ తన బంధువుల పేర్లన్నీ ఓపిగ్గా చెక్కించింది. చుక్కాని పట్టినవాడి ఊసు మాత్రం అందులో లేదు.

ఇది ఒక్క బోధిశ్రీ తీరే కాదు. మన రేవుల చరిత్రంతా ఇంతే. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం ఎంతో ఉదారమైనది. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారనీ, తాను మాత్రం న్యాయమైన సుంకమే తీసుకుంటాననీ మాట ఇచ్చాడు. గంధం, కర్పూరం, ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలు అంటూ సరుకుల పేర్లున్నాయి. ఆ తుపానులో తాడు పట్టుకుని వేలాడినవాళ్ళ పేర్లు లేవు. పేరు దక్కిన అరుదైన అదృష్టవంతుడు ఘంటసాల ప్రాకృత శాసనంలోని మహానావికుడు శివకుడు. ఆయనా దానం చేశాడు కాబట్టే శాసనమెక్కాడు! ఆయన కింది కళాసీలు ఎంతమందో, ఏ ఊరివాళ్ళో చరిత్రకు పట్టలేదు. 19వ శతాబ్దంలో కోరంగి రేవు నుంచి మారిషస్ చెరకు తోటలకు వెళ్ళిన తెలుగు కూలీలకైనా పోర్ట్ లూయీ రేవు రిజిస్టర్లలో పేరూ నంబరూ ఉన్నాయి.

ఓడ నడిపినవాళ్ళ పేరు నిలవని ఈ లెక్క తిరగబడింది 2017లో. భారత నౌకాదళం 'నావికా సాగర పరిక్రమ' పేరుతో ఆరుగురు మహిళా అధికారులను తెరచాప పడవ మీద భూమి చుట్టి రమ్మని పంపింది. పడవ నాయకురాలు వర్తికా జోషి. సిబ్బందిగా ప్రతిభా జమ్వాల్, స్వాతి పాతర్లపల్లి, ఐశ్వర్య బొడ్డపాటి, విజయా దేవి, పాయల్ గుప్తా. స్వాతిది విశాఖ, ఐశ్వర్యది హైదరాబాద్. మిగతా నలుగురూ ఉత్తరాఖండ్, హిమాచల్, మణిపూర్‌ల నుంచి వచ్చినవాళ్ళు. ఆరుగురిలో సముద్రం ఒడ్డున పుట్టి పెరిగింది స్వాతి ఒక్కతే. సముద్రం కంటికానని నరసరావుపేట, గురజాల పిల్లలు గుర్తుపెట్టుకోదగ్గ సంగతిది.

పడవ పేరు తారిణి. ఒడిశాలోని గంజాం జిల్లాలో ఉన్న తారా తారిణి అమ్మవారి పేరే పెట్టారు. గోవాలో కట్టారు. పొడవు 55 అడుగులు. అంటే మన ఊళ్ళో తిరిగే ఆర్టీసీ బస్సులు రెండింటిని ఒకదాని వెనక ఒకటి ఆపితే అంతకన్నా ఎక్కువ పొడవే ఉంటాయి. అందులోనే వంట, పడక, మరుగుదొడ్డి, పనిముట్లు, నెలల తరబడి సరిపోయే తిండి.

అయితే ఇది దరఖాస్తు పెట్టగానే దొరికిన చోటు కాదు. స్వాతి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అధికారి, ఐశ్వర్య నౌకా నిర్మాణ ఇంజనీరు. ఇద్దరిదీ నేల మీది కొలువే. ఇష్టపడి ముందుకొచ్చినవాళ్ళకు గురువుగా దొరికింది కెప్టెన్ దిలీప్ దోందే. 2009-10లో 'మాదేయి' అనే పడవ మీద ఒంటరిగా భూమి చుట్టి వచ్చిన తొలి భారతీయుడాయన. అదే మాదేయి మీద అమ్మాయిలకు పడవ నడిపే పని నేర్పారు. 2016లో విశాఖ నుంచి గోవాకు, తర్వాత మారిషస్‌కు వెళ్ళొచ్చారు. ఆ ఏడాది చివర కేప్‌టౌన్ దాకా వెళ్ళారు. తెరచాప చిరిగితే కుట్టడం, మోటారు మొరాయిస్తే విప్పడం, ఆకాశం రంగు చూసి గాలి మలుపు పసిగట్టడం ఇలాంటి ప్రయాణాల్లోనే వంటబడతాయి. వానాకాలం చదువు ఇక్కడ పనికిరాదు.

2017 సెప్టెంబర్ 10న గోవాలో నాటి రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్ జెండా ఊపారు. అక్టోబర్‌లో ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్, నవంబర్ చివర న్యూజిలాండ్‌లోని లిటిల్టన్ చేరారు. అక్కడి నుంచి డిసెంబర్ 12న మొదలైన అంకమే అసలు పరీక్ష. ఫాక్లాండ్ దీవుల్లోని పోర్ట్ స్టాన్లీ దాకా సుమారు 40 రోజులు. మధ్యలో కాలు మోపే రేవు లేదు.

నలభయ్యో అక్షాంశం దాటి దక్షిణానికి దిగితే పడమటి గాలికి అడ్డొచ్చే నేల దాదాపు ఉండదు. గాలి భూమి చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, దానితోపాటు అలలూ పెరుగుతుంటాయి. కేప్ హార్న్ దగ్గర ఆ నీరంతా దక్షిణ అమెరికా కొసకూ అంటార్కిటికాకూ మధ్య సందులోంచి దూరాలి. పసిఫిక్‌లో తారిణి 60 నాట్లు దాటిన గాలిని, 7 మీటర్ల అలలను తట్టుకుంది. 60 నాట్లంటే గంటకు 110 కిలోమీటర్లు. మన కోస్తాలో తీవ్ర తుపాను తీరం దాటేటప్పటి వేగం! అప్పుడూ వంతు తప్పదు. చలికి కొంకర్లు పోయిన వేళ్ళతో చుక్కాని పట్టుకోవాలి, నడుముకు కట్టిన తాడు పడవకు తగిలించుకుని పైకెక్కి చాప దించాలి. వంతు దిగాక తడి బట్టలతో వాలిన పడకలో దొర్లుతూ నిద్రపోవాలి. ఇంత అవస్థలోనూ రోజూ వాతావరణం, అలల వివరాలు నమోదు చేసి పంపారు. జనవరిలో హార్న్ దాటారు.

మార్చిలో కేప్‌టౌన్ చేరారు. ఇంక ఇంటికే అనుకునే వేళ చుక్కాని వ్యవస్థ పాడైంది. ముందు అనుకోని మారిషస్ వైపు తిప్పి, ఏప్రిల్‌లో పోర్ట్ లూయీలో మరమ్మతు చేయించుకున్నారు. ఒకప్పుడు తెలుగు కూలీలు దిగిన రేవులోనే ఇద్దరు తెలుగు అమ్మాయిలు సొంతంగా పడవ నడుపుకుంటూ వచ్చి దిగారు.

2018 మే 21న గోవాలో లంగరు వేసేనాటికి 254 రోజులు. 21,600 నాటికల్ మైళ్ళు, అంటే 40,000 కిలోమీటర్లు. భూమధ్యరేఖను రెండుసార్లు దాటారు. ఆరుగురికీ నారీ శక్తి పురస్కారం, టెన్జింగ్ నార్గే సాహస పురస్కారం దక్కాయి.

తారిణికి విశ్రాంతి దొరకలేదు. 2024 అక్టోబర్ 2న అదే పడవ గోవా నుంచి మళ్ళీ అదే దారి పట్టింది. ఈసారి ఆరుగురు కాదు, ఇద్దరే: నౌకాదళ అధికారులు దిల్నా, రూప. ఒకరు నిద్రపోతే రెండోవారిదే మొత్తం పడవ. వంట, చాప, చుక్కాని, రేడియో అన్నీ ఆ ఒక్కరివే. 2025 మే 29న వాళ్ళూ గోవా చేరారు.