రోటరీ బెల్ స్ప్రేయర్: చరిత్ర

వేగంగా తిరిగే కప్పు మధ్యలోకి రంగును వదిలితే, అది పలచని పొరగా అంచు దాకా పాకి, అక్కడ సన్నని బిందువులుగా విడిపోతుంది. ఈ సూత్రంతో పనిచేసే యంత్రమే రోటరీ స్ప్రేయర్. కప్పు గంట ఆకారంలో ఉంటుంది కాబట్టి పరిశ్రమలో దీన్ని రోటరీ బెల్ అని, కప్పును బెల్ కప్ అని అంటారు. ఇప్పుడు పెద్ద కార్ల ఫ్యాక్టరీల్లో బాడీ పైపూతలు ఎక్కువగా దీనితోనే వేస్తున్నారు. దీని చరిత్రను వేగం పెరుగుతూ వచ్చిన కథగా చెప్పడం పరిపాటి. వేగం బిందువును చిన్నది చేస్తుంది, నిజమే. కానీ బిందువులన్నీ ఇంచుమించు ఒకే పరిమాణంలో రావడం వేరే సమస్య. దాన్ని చాలావరకు తీర్చినది వేగం కాదు, కప్పు అంచును మలిచిన తీరు.

రోటరీ రాకముందు రంగు చిమ్మే పని పూర్తిగా గాలిదే. అమెరికాలోని టొలీడో నగరంలో అలెన్ డివిల్‌బిస్ అనే వైద్యుడు 1888లో గొంతులోకి మందు చిమ్మే చిన్న పరికరం తయారుచేశారు. ఆయన కుమారుడు థామస్ 1907లో అదే పద్ధతిలో పెయింట్ స్ప్రే గన్ రూపొందించారు. 1920లలో నిమిషాల్లో ఆరిపోయే డ్యూకో వంటి నైట్రోసెల్యులోజ్ లాకర్లు వచ్చాక, కార్ల ఫ్యాక్టరీల్లో బ్రష్ వెనుకబడి గన్ ముందుకొచ్చింది. అయితే గన్‌లో రంగును చీల్చేదీ, మోసుకెళ్లేదీ ఒకే గాలి. రేకుకు తగిలి వెనక్కి మళ్లే ఆ గాలి సన్నని బిందువులను తనతో పట్టుకుపోతుంది. మామూలు గాలి గన్‌తో చిమ్మిన రంగులో సగానికి పైగా వస్తువును చేరనే చేరదు. పైగా పెద్ద బిందువులూ చిన్నవీ కలగాపులగంగా వస్తాయి. పెద్దవి పూతను నారింజ తొక్కలా గరుకు చేస్తాయి, మరీ చిన్నవి దారిలోనే ఆరిపోయి దుమ్ములా రాలతాయి.

ద్రవాన్ని తిప్పి విడగొట్టడం రంగుల పరిశ్రమ కనిపెట్టింది కాదు. పాలపొడి కర్మాగారాల్లో తిరిగే చక్రాలు అప్పటికే పాలను తుంపరలు చేస్తున్నాయి. కానీ బిందువు పరిమాణానికి లెక్క 1949లో గాని స్పష్టంగా కుదరలేదు. ఆ ఏడాది బ్రిటన్‌లో వాల్టన్, ప్రివెట్ అనే శాస్త్రవేత్తలు తిరిగే పళ్లెం మీద ప్రయోగాలు చేసి ఒక సూత్రం ఇచ్చారు. బిందువు వ్యాసం తిరిగే వేగానికి విలోమానుపాతంలో ఉంటుంది. ద్రవం తలతన్యత ఎక్కువైతే అది పెరుగుతుంది, పళ్లెం పెద్దదైనా ద్రవం సాంద్రమైనా తగ్గుతుంది. 50 మిల్లీమీటర్ల కప్పులో మామూలు ద్రావణి రంగు వేసి నిమిషానికి 3,000 చుట్లు తిప్పితే, ఈ లెక్క ప్రకారం దాదాపు 300 మైక్రాన్ల బిందువు వస్తుంది. 30,000 చుట్లకు అది 30 మైక్రాన్లకు దిగుతుంది. అంత వేగంలో అంచు దగ్గర రంగు మీద పడే బలం భూమ్యాకర్షణకు సుమారు 25,000 రెట్లు.

ఈ సూత్రం వర్తించేది రంగు చాలా కొద్దిగా వచ్చినప్పుడే. మరుసటి ఏడాది, 1950లో, హింట్సే, మిల్బోర్న్ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం అసలు మర్మాన్ని బయటపెట్టింది. తిరిగే కప్పు అంచున ద్రవం మూడు రకాలుగా విడిపోతుందని వారు చూపారు. ప్రవాహం తక్కువైతే అంచు నుంచి నేరుగా బిందువులు రాలతాయి. కాస్త పెంచితే పీచుమిఠాయి యంత్రంలో చక్కెర సాగినట్టు ద్రవం సన్నని పోగులుగా సాగి, ఆ పోగులు తెగి బిందువులవుతాయి. ఇంకా పెంచితే పోగులు కలిసిపోయి పలచని పొరగా బయటికి దూకుతాయి, ఆ పొర ఎక్కడపడితే అక్కడ చిరుగుతుంది. నేరుగా రాలే బిందువులు ఒకే పరిమాణంలో ఉన్నా, ఆ ప్రవాహం ఫ్యాక్టరీ పనికి చాలదు. పొర చిరిగితే ఏ బిందువు ఎంతుంటుందో చెప్పలేం. అందువల్ల పోగుల దశే పెయింట్ ఇంజనీర్ల గమ్యమైంది. సన్నని ద్రవధార తలతన్యత వల్ల దాదాపు క్రమమైన దూరాల్లో తెగుతుందని భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1879లోనే గణితంతో వివరించారు. ఆ క్రమమే ఇక్కడ పూతకు సమానత్వం ఇస్తుంది.

వృథాను తగ్గించే దారి మాత్రం విద్యుత్తు వైపు నుంచి వచ్చింది. అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో వంటింటి సామాన్లు తయారుచేసే కుటుంబ సంస్థకు చెందిన హరాల్డ్ రాన్స్‌బర్గ్, రంగు బిందువులకు విద్యుదావేశం ఇచ్చి, వస్తువును భూమికి కలిపితే అవి వస్తువు వైపు లాక్కుపోతాయని పనిలో నిరూపించారు. మొదటి పద్ధతిలో గాలి గన్ అలాగే ఉండేది, ఆవేశం బయటి తీగల నుంచి వచ్చేది. ఆ తర్వాతి పద్ధతిలో గాలిని తీసేసి, తిరిగే కప్పుకో పళ్లేనికో నేరుగా అధిక వోల్టేజీ ఇచ్చారు. కప్పు నెమ్మదిగా తిరిగినా విద్యుత్ బలం అంచున రంగును పోగులుగా లాగేది. పళ్లెం చుట్టూ వంపు తిరిగిన కన్వేయర్ మీద ఫ్రిజ్ తలుపులు, సైకిల్ ఫ్రేములు సాగిపోతుంటే, చిమ్మిన రంగులో 90 శాతం దాకా వాటికే అంటేది. లోపలి మూలల్లోకి మాత్రం ఆవేశమున్న రంగు చొరబడదు. ఆ లోపం ఇప్పటికీ ఉంది.

ఆ నెమ్మది యంత్రాలను కదిలించింది పర్యావరణ చట్టం. 1970లో అమెరికా స్వచ్ఛ వాయు చట్టాన్ని గట్టిగా సవరించాక, రంగును పలచన చేసి గాలిలోకి ఆవిరయ్యే థిన్నర్‌ను తగ్గించక తప్పలేదు. థిన్నర్ తగ్గితే రంగు చిక్కబడుతుంది, చిక్కని రంగును విద్యుత్ ఒక్కటే విడగొట్టలేదు. దాంతో కప్పును తిప్పే ఎలక్ట్రిక్ మోటారు పోయి, గాలి బేరింగ్ మీద తేలుతూ తిరిగే చిన్న టర్బైన్ వచ్చింది. వేగం వేల నుంచి పదివేలల్లోకి ఎగబాకింది, నేడు 60,000 చుట్లు తిరిగే బెల్ మామూలే.

అప్పుడే అంచు విలువ తెలిసింది. నునుపైన అంచున చిక్కని రంగు పొరగా దూకి, చిరిగేటప్పుడు గాలిని లోపల బంధించేది. కారు బాడీ ఓవెన్‌లోకి వెళ్లాక ఆ బుడగలు పగిలి, పూతలో సూదిరంధ్రాలు మిగిలేవి. అంచు చుట్టూ వందల కొద్దీ సన్నని గాళ్లు చెక్కడంతో ఒక్కో గాడి ఒక్కో పోగుకు పుట్టుచోటు అయింది. పొలంలో మందు చల్లే యంత్రాలదీ ఇదే దారి. ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ బాల్స్ బ్యాటరీలతో నడిచే తిరుగుడు స్ప్రేయర్లకు పళ్ల అంచు పళ్లేలనే వాడారు. గాళ్లు చెక్కినంత మాత్రాన పని పూర్తి కాదు. మధ్యలోని డిస్క్ రంగును చుట్టూ సమంగా పంచాలి, కప్పు లోపలి వాలు పొరను ఒకే మందంలో నడపాలి. ఒక గాడి ఎండిన రంగుతో పూడినా, అంచు చిన్నగా నొక్కుకుపోయినా ఆ చోట పోగు లావవుతుంది. నా దృష్టిలో ఈ యంత్రంలో అన్నిటికన్నా గొప్ప పనితనం ఆ గాళ్లలోనే ఉంది.

వేగం తెచ్చిన చిక్కు వేరొకటి ఉంది. అంచు వదిలిన బిందువులు ముందుకు కాకుండా పక్కలకు ఎగురుతాయి. వాటిని మళ్లించడానికి కప్పు వెనుక చుట్టూ రంధ్రాలు పెట్టి, షేపింగ్ ఎయిర్ పేరుతో మళ్లీ గాలినే తెచ్చారు. మెటాలిక్ రంగులకు ఈ గాలి మరీ అవసరమైంది. అల్యూమినియం రేణువులు చదునుగా పడుకోవాలంటే బిందువు కాస్త బలంగా తగలాలి, నెమ్మదిగా దిగితే రంగు ముదురుగా కనిపిస్తుంది. అందుకే చాలా ఏళ్లు మెటాలిక్ పూతలో మొదటి కోటు బెల్‌తో, రెండో కోటు గాలి గన్‌తో వేశారు. నీటి ఆధారిత రంగులు వచ్చాక ఇంకో తలనొప్పి మొదలైంది. నీటి రంగు విద్యుత్ వాహకం కాబట్టి వోల్టేజీ గొట్టం వెంట వెనక్కి కారిపోయేది. కొందరు కప్పు చుట్టూ బయట ఎలక్ట్రోడ్లు అమర్చారు, మరికొందరు ప్రధాన గొట్టంతో సంబంధం లేకుండా రంగు నింపిన చిన్న కార్ట్రిడ్జిని పెయింట్ వేసే రోబో చేతిలోనే పెట్టారు.

షేపింగ్ ఎయిర్ రంగు వృథాను కొంత తిరిగి తెచ్చింది. టయోటా 2020లో ప్రకటించిన స్ప్రేయర్‌లో ఆ గాలి లేదు. సుమారు 600 గాళ్లున్న స్తూపాకార తల తిరుగుతూ రంగును గాళ్లలోకి పంపుతుంది, స్థిర విద్యుత్తే దాన్ని బిందువులుగా విడగొట్టి బాడీకి చేరుస్తుంది. పాత బెల్‌లతో 60–70 శాతంగా ఉన్న అంటుకునే రంగు 95 శాతం దాటిందని, పెయింటింగ్‌లో కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు దాదాపు 7 శాతం తగ్గుతాయని సంస్థ తెలిపింది. అప్పటికే జపాన్‌లోని తకావోకా, త్సుత్సుమి ఫ్యాక్టరీల్లో దాన్ని వాడుకలోకి తెచ్చారు.