కంచె తగవు

“కంచె చేను మేసినట్లు” అను సామెత తెలుగునాట విననివారుండరు. కాపాడవలసినవారే కాజేయునపుడు మనమీ మాట వాడుదుము. ఇంగ్లండు దేశపు స్థానిక పరిపాలన చరిత్రలో ఈ సామెతను తిరుగవేసి చెప్పుకొనవలసిన ఘట్టమొకటి కలదు. అచట చేనును కంచె మేయలేదు; కంచెను కాపాడవలసిన గ్రామసభయే దానిని తొలగింపబూనినది. ఒక సామాన్య గ్రామవాసి ఆ సభపై న్యాయస్థానమునకెక్కెను. అతనికి ఆధారమైనది 231 సంవత్సరముల నాటి ఒక పాత చట్టము. 1996లో తీర్పు అతని పక్షమున వచ్చెను.

ఒక పొదల వరుస కొరకు ఇంత వ్యాజ్యమా యని మనకు తోచవచ్చును. ఆ దేశమున కంచె అనగా ఏమో, అది ఎట్లు పుట్టినదో తెలిసినగాని ఈ తగవులోని బరువు మనకు తెలియదు.

మన పల్లెలలో కంచె అనగానే ఎండు తుమ్మకంపయో, తాటిమట్టల దడియో, చేని గట్టున బ్రహ్మజెముడో కన్నులకు గట్టును. పట్టణములలో పెరటి చుట్టు గోరింట దడి పెంచుట కలదు. ఇంగ్లండులోని కంచె తరతరములు నిలుచు సజీవమైన గోడ. హాథార్న్ అను ముళ్లమొక్కను వరుసగా నాటుదురు. అది ఏపుగా ఎదిగిన పిదప కాండమును మొదట పూర్తిగా తెగకుండ నరికి, ప్రక్కకు వంచి, పాతిన కర్రల నడుమ అల్లుదురు. వంగిన కాండము చావదు. మొదటినుండి కొత్త చివుళ్లు పొడుచుకొనివచ్చి సందులను పూడ్చును. పిల్లల పెంపకమువలె ఈ పనికిని ఓపికయు, ఏటేట శ్రద్ధయు కావలెను. వదలివేసినచో కంచె చెట్లుగా పెరిగి, క్రింద బోసిపోవును.

కంచె ప్రక్కన తరచు ఒక కాలువ ఉండును. హద్దు ఎచటిదను తగవు వచ్చినపుడు న్యాయమూర్తులు ఈ కాలువను సాక్షిగా పిలుతురు. 1810 నాటి ఒక వ్యాజ్యమున వారు స్పష్టపరచిన న్యాయమిది: కాలువ త్రవ్వువాడు తన భూమి చివరి అంచువరకు త్రవ్వును, పొరుగువాని నేలపై మట్టి పోయుటకు వీలులేదు గనుక తనవైపే గట్టు పోయును, ఆ గట్టుమీద కంచె నాటును. కనుక వేరు సాక్ష్యము లేనియెడల కంచెయు కాలువయు ఒకనివే. హద్దు కాలువ ఆవలి అంచు. 1999లో ప్రభువుల సభ కూడ ఈ సూత్రమును నిలిపినది. మన పల్లెలలో గట్టు తగాదాలు చూచినవారికి ఇందలి లౌకిక జ్ఞానము వెంటనే బోధపడును.

ఇక కంచెల పుట్టుక సంగతి. మధ్యయుగములలో ఇంగ్లండునందలి అనేక గ్రామముల పొలములు కంచె లేని విశాలక్షేత్రములు. ఒక్కొక్క రైతుకు ఇచటొక పట్టె, అచటొక పట్టెగా భూమి ఉండెడిది. వీనికి తోడు ఊరుమ్మడి బీడు కలదు. పేదవాడు తన ఆవును అచట మేపుకొనెడివాడు, వంటచెరకు ఏరుకొనెడివాడు. కాలక్రమమున, ఉన్నిధరలు పెరిగి గొర్రెల పెంపకము లాభసాటి యగుటతో, భూస్వాములు ఈ నేలల చుట్టు కంచెలు వేయసాగిరి. కంచె లేచిన చోట పేదవాని ఆవునకు త్రోవ మూతపడినది.

కావున ఆ దేశమున ప్రజల ఆగ్రహము మొదట కంచెలపైననే విరుచుకొనిపడినది. 1549లో నార్ఫోక్ జిల్లా ప్రజలు కంచెలు పెరికివేయుచు రాబర్ట్ కెట్ అను భూస్వామి పొలమునకును వచ్చిరి. అతడు వారిని తరిమివేయలేదు. తన కంచెను తానే పడగొట్టి వారికి నాయకుడయ్యెను. నార్విచ్ నగరపు వెలుపల 16,000 మంది వరకు గుమిగూడిరి. రాజసైన్యము తిరుగుబాటును అణచివేసినది. ఆ సంవత్సరము డిసెంబరులో కెట్‌ను నార్విచ్ కోటపై ఉరితీసిరి. సరిగా 400 సంవత్సరములకు, 1949లో, ఆ కోటగోడకే అతని స్మారకఫలకమును అమర్చిరి. 1607లో మధ్య ఇంగ్లండున మరల కంచెలు కూలినవి. న్యూటన్ గ్రామము వద్ద నలుబదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి.

కాని కంచెయే గెలిచినది. 1604 మొదలు 1914 వరకు పార్లమెంటు 5,200కు పైగా ఆవరణ చట్టములు చేసినది. వీని క్రిందికి వచ్చిన భూమి సుమారు 68 లక్షల ఎకరములు, అనగా ఇంగ్లండు విస్తీర్ణములో అయిదవ వంతు. ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క చట్టము. కమిషనర్లు వచ్చి భూమిని కొలిపించి, పాత హక్కులను లెక్కగట్టి, కొత్త కమతములు పంచిరి. ఏ కమతమునకు ఏ వైపున ఎవరు కంచె వేయవలెనో, దానిని ఎవరు పోషింపవలెనో కూడ వారు నిర్ణయించి పత్రములపై వ్రాయించిరి. కంచె ఖర్చు భరింపలేని చిన్నకారు రైతులలో పలువురు తమ వంతునకు వచ్చిన ముక్కను అమ్ముకొనవలసివచ్చెను. మన కళాశాలలలో అనేక తరములు చదివిన గోల్డ్‌స్మిత్ కవి “డిజర్టెడ్ విలేజ్” కావ్యము 1770 నాటిది. పాడుపడిన పల్లెనుగూర్చిన ఆ శోకమునకు ఈ కాలమే నేపథ్యము. వ్యవసాయ కూలిగా బ్రతికిన జాన్ క్లేర్ కవి తన ఊరి బీళ్లకు 1809 నాటి చట్టముతో కంచెలు పడుట కన్నులార చూచి, ఆ బాధను జీవితాంతము పాడుకొనెను.

అట్టి చట్టములలో ఒకటి 1765లో ఫ్లాంబరో గ్రామమునకై చేయబడినది. యార్క్‌షైర్ తూర్పుతీరమున, సుద్దరాతి కొండచరియలు సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన చోట ఉన్న ఊరది. కంచెలు వేయుటయే గాక, వానిని శాశ్వతముగా పోషించు బాధ్యతను ఆ చట్టము భూమి పొందినవారిపై ఉంచినది. నాటి శాసనకర్తల దృష్టి పిట్టలపైననో పూవులపైననో లేదు. పొరుగువాని పశువులు చేనిలో పడరాదు. ఇచ్చిన హద్దు చెదరరాదు. వారి తలంపు అంతమాత్రమే.

రెండు శతాబ్దములు గడచినవి. ఇరువదవ శతాబ్దమున ట్రాక్టరు వచ్చినది. చిన్న మడులలో పెద్ద యంత్రము తిరుగదు. 1945 తరువాత పంట దిగుబడి పెంచవలెనను తొందరలో వేలకొలది మైళ్ల కంచెలను పెరికివేసిరి. అందులకు కొంతకాలము ప్రభుత్వమే సహాయధనము కూడ ఇచ్చినది. అవి పోవుచుండగా వాని విలువ తెలియవచ్చినది. పిట్టలకు గూడు, తేనెటీగకు పూవు, ముళ్లపందికి చాటు, మట్టికి ఆపు అన్నియు ఆ కంచెయే. 1974లో వెలువడిన ఒక గ్రంథమున మాక్స్ హూపరు మొదలగు శాస్త్రజ్ఞులు కంచె వయస్సు లెక్కించుటకు ఒక స్థూలమైన కొలత చూపిరి: ముప్పది గజముల దూరములో ఎన్ని జాతుల చెట్లు కనబడునో, కంచెకు రమారమి అన్ని వందల సంవత్సరములు. అన్ని చోట్ల ఇది సరిపడదని తరువాతి పరిశోధకులు చెప్పిరి. అయినను కంచెను చరిత్ర పత్రమువలె చదువవచ్చునను ఊహ జనులలో నాటుకొనినది.

ఇప్పుడు స్థానిక సభల విషయము. ఇంగ్లండులో పారిష్ కౌన్సిలు అనునది మన గ్రామపంచాయతీ వంటిది. 1894 నాటి చట్టముతో ఏర్పడినది. కంచె విషయమున ఇట్టి సంస్థలకు రెండు ముఖములు కలవు. ఒక ముఖము అధికారిది. తోటకంచె బాటపై వ్రాలి నడచువారికి అడ్డమైనచో, 1980 నాటి రహదారుల చట్టము ప్రకారము కౌన్సిలు యజమానికి నోటీసు ఇచ్చి, 14 దినములలో కత్తిరింపుమని కోరవచ్చును. అతడు మేజిస్ట్రేటుకు అప్పీలు చేసుకొనవచ్చును. అదియు లేక, కత్తిరింపును లేనపుడు కౌన్సిలే పని చేయించి ఖర్చు రాబట్టుకొనవచ్చును. రెండవ ముఖము భూయజమానిది. అపుడు కౌన్సిలు కూడ అందరివంటి ఇరుగుపొరుగే. 1957లో హారో కార్పొరేషనుపై ఒక గృహస్థు తెచ్చిన వ్యాజ్యమున, హద్దునందలి ఎల్మ్ చెట్లు ఎవరి భూమిలో నున్నవను ప్రశ్న ముందు తేలవలసివచ్చెను. అవి కార్పొరేషనువే యని తేలినది. వాని వేళ్లు చొచ్చివచ్చి ఇంటికి చేసిన నష్టమునకు కార్పొరేషనే బాధ్యత వహింపవలెనని అప్పీలు న్యాయస్థానము తీర్మానించెను.

నోటీసు విషయమున ఒక ప్రసిద్ధమైన తీర్పును ఇచట చెప్పుకొనవలెను. అది కంచెను గూర్చినది కాదు, ఇంటిని గూర్చినది. కాని తోటమీదికి గొడ్డలితో మనుష్యులను పంపదలచు ప్రతి కౌన్సిలునకును వర్తించు న్యాయమందున్నది. లండనులో వాండ్స్‌వర్త్ బోర్డు అను సంస్థ ఉండెడిది. ఇల్లు కట్టువారు ఏడు దినములు ముందుగా బోర్డునకు తెలుపవలెనని 1855 నాటి చట్టము. కూపర్ అను మేస్త్రీ ఆ నియమము పాటింపక ఇల్లు మొదలుపెట్టెను. అది రెండవ అంతస్తువరకు లేచినపుడు, బోర్డు ఒక మాటయైన అడుగక, ఒకనాటి రాత్రివేళ మనుష్యులను పంపి పడగొట్టించినది. పడగొట్టుటకు చట్టమున అధికారము కలదు; సంజాయిషీ అడుగవలెనని అందు వ్రాసియుండలేదు. అయినను 1863లో న్యాయమూర్తులు కూపర్‌నే గెలిపించిరి. చట్టము మౌనము వహించిన చోట సహజన్యాయము మాటాడునని వారు చెప్పిరి. ఏదెను తోటలో ఆదామును దండించుటకు ముందు దేవుడు సైతము అతని మాట విన్నాడని ఒక పాత తీర్పులో చెప్పిన దృష్టాంతమును వారు మరల స్మరించిరి.

ఫ్లాంబరో తగవులో కౌన్సిలు ధరించినది భూయజమాని ముఖము. తన అధీనములోని స్థలమున ఉన్న పాత కంచెను తొలగింపవచ్చునని అది తలచినది. అడ్డుపడిన గ్రామవాసి ఆ భూమికి యజమాని కాడు. ఆ చట్టపు ఫలితమనుభవించు ఊరివారిలో ఒకడు. పార్లమెంటు 1765లో పెట్టిన బాధ్యతను ఎవరును రద్దు చేయలేదు గదా, అది నేటికిని భూమిని అంటిపెట్టుకొని ఉన్నది గదా, యని అతని వాదము. పశువులును లేవు, నాటి సేద్యమును లేదు, ఇక ఈ పాత మాటకు బలమెక్కడిదని అనుకొనుట సులభమే. హల్ నగరపు కౌంటీ న్యాయస్థానము అట్లనుకొనలేదు. చట్టము బ్రతికియే యున్నదనియు, కౌన్సిలు ఆ కంచెను పోషింపవలెననియు తీర్పు చెప్పెను.

కౌంటీ న్యాయస్థానపు తీర్పు ఇతర న్యాయస్థానములను బంధింపదు. ప్రతి ఊరి చట్టమందును ఇట్టి మాటలుండవు. కావున ఈ ఒక్క తీర్పుతో దేశమునందలి కంచెలన్నియు దక్కినవని చెప్పరాదు. కాని అప్పటికే కంచెల రక్షణకు నిబంధనలు చేయు అధికారము 1995 నాటి పర్యావరణ చట్టముతో ప్రభుత్వమునకు వచ్చియుండెను. 1997 జూనునుండి ఆ నిబంధనలు అమలులోనికి వచ్చినవి. వాని ప్రకారము గ్రామీణ ప్రాంతములలో 20 మీటర్లు, అంతకు మించిన కంచెను తీయదలచినవారు సాధారణముగా స్థానిక అధికారులకు ముందు తెలుపవలెను. అధికారులకు 42 దినముల గడువుండును. 30 సంవత్సరములు దాటి, చరిత్రకో ప్రకృతికో ముఖ్యమైనదని తేలినచో దానిని నిలిపివేయవచ్చును. చిత్రమేమన, ఇంటితోట హద్దుకంచెకు ఈ రక్షణ లేదు. పైగా 2003 నాటి మరొక చట్టము పొరుగువాని వెలుతురుకు అడ్డమగు రెండు మీటర్లకు మించిన పచ్చని ఎత్తుకంచెలపై ఫిర్యాదు విని తీర్పరులు కమ్మని కౌన్సిళ్లకే అధికారమిచ్చినది.

ఈ చరిత్ర మనకు పరాయిది కాదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న కాలమున, 1920లో వచ్చిన జిల్లా పురపాలక చట్టమునందును దడులను కత్తిరింపుమని నోటీసిచ్చు అధికారము చేర్చిరి. కూపర్ తీర్పులోని న్యాయమును మన న్యాయస్థానములును స్వీకరించినవి. 1985లో బొంబాయి కాలిబాటల నివాసుల వ్యాజ్యమున, నోటీసు లేకయే తొలగించు అధికారము చట్టములో ఉన్నను, దానిని అసాధారణ పరిస్థితులకే పరిమితము చేయవలెననియు, సామాన్యముగా ఎదుటివాని మాట వినవలెననియు మన సుప్రీంకోర్టు నిర్ణయించెను. పోయినది గోరింట దడి యైనను, గుడిసె యైనను అడుగవలసిన మొదటి ప్రశ్న ఒక్కటియే: ముందు మమ్ము అడిగితిరా?

ఫ్లాంబరో కంచె పేదవాని బీటిని మూయుటకు పుట్టిన కాలపు బిడ్డ. కెట్ వంటివారు బ్రతికియున్నచో దానిని పెరికివేయుటకే వచ్చియుందురు. రెండు శతాబ్దముల తరువాత ఒక సామాన్యుడు దానిని నిలుపుటకు వచ్చెను. ఇద్దరిలో ఎవరు న్యాయవంతులని అడిగినచో ఇద్దరును న్యాయవంతులే. నాడు ఊరివారినడుగక కంచె వేసిరి. నేడు ఊరివారి మాట లెక్కింపక కంచె తీయబూనిరి. బలవంతులు తమ సౌకర్యమునకై వ్రాసికొనిన శాశ్వతమను మాట ఒకనాడు తమ సంస్థలనే బంధించునని వారూహించియుండరు. చట్టమున వ్రాసిన మాట అందరిదియు అగును. దానిని వెదకి తీసి చదువువాడొకడు ఊరిలో ఉండవలెను.