నూరామడల మందు

ఒకప్పుడు నలభై దాటిన ఇద్దరు ఆడవాళ్ళు ఒకచోట చేరితే పిల్లల పెళ్ళిళ్ళ గురించో, బంగారం ధర గురించో మాట్లాడుకునేవారు. ఇప్పుడు ముందుగా వచ్చే ప్రశ్న "మీకు ఫాస్టింగ్ ఎంతుంది?" అని. బంగారంతో పోటీపడి అదీ పెరుగుతోంది మరి! భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. 2021 నాటికే మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళు 10 కోట్ల పైచిలుకట. దాని గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూస్తున్నవాళ్ళు మరో పదమూడున్నర కోట్లు.

పొద్దున్నే పార్కుల్లో తిరిగేవాళ్ళలో చాలామంది డాక్టరు నడవమంటే నడుస్తున్నవాళ్ళే. వాళ్ళలో కొందరు ఈమధ్య నడక చాలక పరుగు మొదలుపెట్టారు. ఏటా హైదరాబాదులో మారథాన్ జరిగేనాడు నెక్లెస్ రోడ్డు మీద కాసేపు నిలబడి చూడండి... నెరిసిన జుట్టు ముడేసుకుని, మోకాళ్ళకు పట్టీలు కట్టుకుని పరిగెత్తే ఇల్లాళ్ళు కనబడతారు. "ఈ వయసులో, అందులోనూ షుగరు పెట్టుకుని, పరుగేమిటే అమ్మాయ్?" అని ఇంట్లో పెద్దవాళ్ళు బుగ్గలు నొక్కుకుంటారు. ఆ ఒక్క మాటలో రెండు భయాలున్నాయి. ఆడది అంతంత దూరాలు పరిగెత్తకూడదన్నది ఒకటి. చక్కెర జబ్బు మనిషి ఒళ్ళు అలవకూడదన్నది ఇంకొకటి. చిత్రమేమిటంటే, ఈ రెండు భయాలూ ఇంచుమించు ఒకే కాలంలో సడలాయి.

అసలు మన పాతకాలపు వైద్యుడికి రెండో భయం లేనే లేదు. సుశ్రుతుడు ఈ రోగుల్ని రెండు రకాలుగా విడదీశాడు. పుట్టుకతో వచ్చి బక్కచిక్కినవాళ్ళు ఒకరు, తిండి తప్పి లావెక్కినవాళ్ళు ఒకరు. బక్కవాళ్ళకు బలం పెట్టమన్నాడు, లావువాళ్ళను తగ్గించమన్నాడు. డబ్బున్నవాడైతే చామలూ, నివ్వరిగింజలూ, ఉసిరికాయలూ తిని లేళ్ళతో కలిసి బతకమన్నాడు. (మనం ఇప్పుడు సూపర్ బజార్లో పొట్లం కట్టించుకుంటున్నది ఆ చిరుధాన్యాలనే కదూ!) డబ్బూ బంధువులూ లేనివాడికి ఇంకో మందు చెప్పాడు. కాలికి చెప్పుల్లేకుండా, నెత్తిన గొడుగు లేకుండా, బిచ్చమెత్తుకు తింటూ, ఒక ఊళ్ళో ఒక్క రాత్రికి మించి ఉండకుండా నూరు యోజనాలు, వీలైతే ఇంకా ఎక్కువ నడవమన్నాడు. అదీ కాకపోతే నుయ్యి తవ్వమన్నాడు.

యోజనమంటే మనకు ఆమడ. ఆమడకు ఎనిమిది మైళ్ళ చొప్పున వేసుకున్నా ఎనిమిది వందల మైళ్ళు. నేటి లెక్కలో ముప్ఫై మారథాన్లు! ఇందులో చెప్పులు విడవమన్న భాగాన్ని మాత్రం దయచేసి పాటించకండి. చక్కెర ఎక్కువై కాళ్ళలో స్పర్శ తగ్గినవాళ్ళకు ముల్లు దిగినా తెలియదు. ఆ చిన్న పుండే కాలు తీసేసేదాకా తీసుకుపోతుంది. ఇక ఆడవాళ్ళ సంగతంటారా? నెలనెలా దేహశుద్ధి జరుగుతుంది కనుక స్త్రీలకు ప్రమేహం రాదన్న మాటను తర్వాతి వ్యాఖ్యానకారుడొకరు ఉదహరించాడు. పాపం, మన వంటిళ్ళలో మిగిలిన అన్నం పారెయ్యలేక ఎవరు తింటారో ఆయనకు తెలియదు!

సుశ్రుతుడి తర్వాత ఎన్నో శతాబ్దాలకు, మనతో ఏ సంబంధమూ లేకుండా, ఇదే మాట పారిస్‌లో వినిపించింది. అక్కడి బుషార్దా అనే వైద్యుడు 1870–71లో నగరాన్ని జర్మన్ సేనలు చుట్టుముట్టినప్పుడు ఒక వింత గమనించాడు. తిండి రేషనైపోయి జనం పస్తులుంటుంటే తన రోగుల మూత్రంలో చక్కెర మాయమైంది! తక్కువ తినండి, ఒళ్ళొంచి పనిచెయ్యండి అని ఆయన రోగుల వెంటపడ్డాడు.

కానీ ఈ మందు ఒక్క రకం జబ్బుకే. సుశ్రుతుడు చెప్పిన బక్కచిక్కిన రకం పిల్లలూ, యువకులూ ఎంత నడిచినా రాలిపోతూనే ఉన్నారు. 1921లో టొరంటోలో ఇన్సులిన్ కనిపెట్టి, 1922 జనవరిలో పద్నాలుగేళ్ళ కుర్రాడికి మొదటిసారి ఇచ్చేదాకా వాళ్ళకు దిక్కులేదు.

ఆ రోజుల్లో లండన్‌లో రాబర్ట్ లారెన్స్ అనే కుర్ర డాక్టరుండేవాడు. 1920లో ఆయనకే ఈ జబ్బు బయటపడింది. ఇక బతకనని తెలిసి, తన చావు ఇంట్లోవాళ్ళ కళ్ళముందు జరగకూడదని ఇటలీలోని ఫ్లోరెన్సు నగరానికి వెళ్ళిపోయాడు. అక్కడే కాస్త వైద్యం చేసుకుంటూ రోజులు లెక్కపెడుతుండగా, 1923లో లండన్ ఆసుపత్రి మిత్రుడి నుంచి కబురొచ్చింది. ఇన్సులిన్ దొరికింది, పనిచేస్తోంది, వెంటనే బయల్దేరి రమ్మని. కాళ్ళూ చేతులూ సరిగా స్వాధీనంలో లేని స్థితిలో కారులో యూరప్ దాటి మే నెలాఖరుకు లండన్ చేరాడు. ఆ తర్వాత ఎన్నాళ్ళు బతికాడనుకున్నారు? 1968 దాకా! పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు, రచయిత హెచ్.జి. వెల్స్‌తో కలిసి 1934లో మధుమేహ రోగుల సంఘం పెట్టాడు.

మనకు కావలసింది ఆయన 1926లో రాసిన ఒక వైద్య వ్యాసం. ఇన్సులిన్ తీసుకున్న మనిషి శ్రమపడితే ఆ ఇన్సులిన్ రెట్టింపు ఉత్సాహంతో పనిచేస్తుందని అందులో చూపించాడు. వినడానికి శుభవార్తే. కానీ అదే గండం కూడా. చక్కెర దిగవలసినంత దిగి ఊరుకోదు. ఇంకా కిందికి జారితే చెమటలు, వణుకు, తికమక, ఆపైన స్పృహ తప్పడం. ఈ జారుడు ఎక్కడ మొదలవుతోందో చూసుకునే సాధనం ఇంట్లో ఎవరి దగ్గరా లేదు.

ఉన్నదల్లా నీలం మందు. మా అమ్మమ్మగారింట్లో పెరటి అరుగు మీద స్పిరిటు దీపం, గాజుగొట్టం ఉండేవి. బెనెడిక్ట్ ద్రావణంలో ఎనిమిది చుక్కల మూత్రం వేసి కాచేది అమ్మమ్మ. నీలంగానే ఉంటే ఆ పూట ఆవిడ మొహం వెలిగేది. ఆకుపచ్చైతే కాస్త చక్కెర. పసుపు, నారింజ దాటి ఇటికరంగు తేలిందంటే తాతయ్యకు ఆ రోజు అరటిపండు లేనట్టే! ఇందులో తిరకాసేమిటంటే, అది కొన్ని గంటల కిందటి సంగతి చెబుతుంది. చక్కెర మరీ తగ్గితే అసలు చెప్పనే చెప్పదు. మామూలుగా ఉన్నా నీలమే, ప్రాణం మీదికొచ్చినా నీలమే. ఇలాంటి కొలత చేతిలో పెట్టుకుని ఏ డాక్టరు మాత్రం పది మైళ్ళు పరిగెత్తమంటాడు? ఆ భయాన్ని నేను తప్పుపట్టను.

మొదటి భయానికి ఆపాటి ఆధారం కూడా లేదు. 1928 ఆంస్టర్‌డాం ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు 800 మీటర్ల పందెం పెట్టారు. జర్మనీ అమ్మాయి లీనా రాడ్కే ప్రపంచ రికార్డుతో గెలిచింది. ఫైనల్లో పరిగెత్తిన అందరూ గీత దాటారు. మర్నాడు పత్రికలు మాత్రం ఆడవాళ్ళు కుప్పకూలిపోయారని గగ్గోలు పెట్టాయి. పరుగు ముగిశాక ఆయాసపడటం మగవాళ్ళు చేస్తే వీరత్వం, ఆడవాళ్ళు చేస్తే అనర్థం! అంతే, 1960 దాకా ఆ పందెం మళ్ళీ పెట్టలేదు.

మారథాన్ మాట చెప్పనక్కర్లేదు. 1966లో బోస్టన్‌లో పరిగెత్తుతానని బాబీ గిబ్ దరఖాస్తు పెడితే, అంత దూరం స్త్రీ శరీరానికి అసాధ్యమని తిప్పికొట్టారు. ఆవిడ తోబుట్టువు నిక్కరు తొడుక్కుని, పందెం మొదలయ్యేచోట పొదల్లో దాక్కుని, జనం కదలగానే అందులో కలిసిపోయింది. మూడుగంటల ఇరవైరెండు నిమిషాలలోపే ముగించింది! మరుసటేడు కాథరిన్ స్విట్జర్ అంకె తగిలించుకుని పరిగెత్తుతుంటే, నిర్వాహకుడొకాయన పరుగున వచ్చి ఆ అంకె లాగెయ్యబోయాడు. 1972లో గానీ బోస్టన్ వాళ్ళు ఆడవాళ్ళను అధికారికంగా రానివ్వలేదు. 1984లో ఒలింపిక్స్‌లోకి స్త్రీల మారథాన్ వచ్చింది.

వీళ్ళందరిలో నాకు ముద్దొచ్చేది మికీ గోర్మన్. జపాన్ దంపతుల బిడ్డ, చైనాలో పుట్టి అమెరికా చేరింది. ముప్ఫై దాటాక వ్యాయామశాలలో చేరి పరుగు మొదలుపెట్టింది. ఎందుకో తెలుసా? ఒళ్ళు చేయడానికట! 1975లో కూతుర్ని కని, 1976లో 41వ యేట న్యూయార్క్ మారథాన్ గెలిచింది. 42వ యేట మళ్ళీ గెలిచింది.

సరిగ్గా ఈ ఏళ్ళలోనే రెండో తలుపూ తెరుచుకుంది. న్యూయార్క్‌లో రిచర్డ్ బెర్న్‌స్టైన్ అనే ఇంజనీరుకు పన్నెండో యేటి నుంచీ మధుమేహం. 1969లో ఒక వ్యాపార పత్రికలో ప్రకటన చూశాడు. రక్తపు బొట్టుతో నిమిషంలో చక్కెర చెప్పే యంత్రం. ఆసుపత్రుల కోసం చేసింది. మూడు పౌన్ల బరువు, ఆరువందల డాలర్లకు పైమాటే. రోగులకు అమ్మమన్నారు కంపెనీవాళ్ళు. అదృష్టవశాత్తూ ఆయన భార్య డాక్టరు. ఆవిడ పేరుమీద కొన్నారు! రోజుకు ఐదారుసార్లు కొలుచుకుని, ఏది తింటే ఎంత పెరుగుతోందో, ఎంత కదిలితే ఎంత దిగుతోందో ఆయన పట్టిక రాసుకున్నాడు. అది వ్యాసంగా పంపితే వైద్యపత్రికలు తిప్పిపంపాయి. దాంతో 45వ యేట మెడికల్ కాలేజీలో చేరి తనే డాక్టరయ్యాడు. 2025లో తొంభయ్యో యేట పోయాడు. 1980 తర్వాత ఆ యంత్రం చిక్కి చిక్కి అరచేతిలోకొచ్చింది.

ఇక అడ్డేముంది? 1985లో అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో పౌలా హార్పర్ అనే నర్సు, తానూ ఇన్సులిన్ తీసుకుంటూ మారథాన్లు పరిగెత్తే మనిషి, మధుమేహం ఉన్న క్రీడాకారులకు అంతర్జాతీయ సంఘం స్థాపించింది. అప్పటిదాకా ఎవరికివారు చాటుగా నేర్చుకున్న సంగతులు ఒకరికొకరు చెప్పుకునే వీలు దొరికింది.

లావువాళ్ళ విషయంలో సుశ్రుతుడి మాటకు లెక్కలు తర్వాత వచ్చాయి. చైనాలోని దాచింగ్ పట్టణంలో 1986లో మొదలై ఆరేళ్ళు సాగిన పరిశీలనలో, గుమ్మంలో ఉన్నవాళ్ళకు తిండి మార్చినా, వ్యాయామం పెట్టినా జబ్బు రావడం బాగా తగ్గింది. మన చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 2006లో ప్రకటించిన ఫలితాల్లో నడకా, తిండి అదుపూ కలిసి ముప్పును నాలుగోవంతుకు పైగా తగ్గించాయి.

కారణం ఇప్పుడు తెలుసు. పనిచేసే కండరం ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే రక్తంలోంచి చక్కెర లాక్కుంటుంది. ఆ ఆకలి ఒకటి రెండు రోజులుంటుంది. అందుకే పొద్దున పరిగెత్తినవాళ్ళకు ఒక్కోసారి అర్ధరాత్రి చక్కెర పడిపోతుంది. ఉన్నట్టుండి జోరుగా పరిగెడితే మొదట పెరుగుతుంది కూడా! నలభై దాటి మొదలుపెట్టేవాళ్ళు గుండె, కళ్ళు, పాదాలు ముందు చూపించుకోవాలి. నెల రోజులు నడిచి, ఆ తర్వాత నడకలో నిమిషమో రెండు నిమిషాలో పరుగు కలపాలి. ఇన్సులిన్‌గానీ, చక్కెరను బలవంతంగా దించే మాత్రలుగానీ వాడేవాళ్ళు బయల్దేరేముందు కొలుచుకోవాలి. 90 కంటే తక్కువుంటే ఏదైనా తిని కదలాలి. ఆ మందుల మోతాదు డాక్టరుతో మాట్లాడి మార్చుకోవాలి.

దారిలో చక్కెర పడిపోతే నోట్లో వేసుకోవడానికి గ్లూకోజు బిళ్ళలు దగ్గరుండాలి. చిక్కల్లా అక్కడే వస్తోంది. మగవాళ్ళ నిక్కర్లకు నాలుగు జేబులు కుట్టే దర్జీలు మన చుడీదార్లకు ఒక్కటీ పెట్టరు. మా వీధిలో రోజూ ఐదు కిలోమీటర్లు పరిగెత్తే ఒకావిడ దీనికి ఉపాయం కనిపెట్టింది. అమ్మమ్మలు కొంగున చిల్లర ముడేసుకున్నట్టు చున్నీ చివర నాలుగు బిళ్ళలు ముడేసుకుని, ఆ చున్నీ నడుముకు బిగించి బయల్దేరుతుంది.