మరమ్మతే చరిత్ర: ముదిగొండ సీమలో కత్తి, కొలిమి, పాత చాకు

ఖమ్మం నుంచి నేలకొండపల్లి మీదుగా కోదాడ వెళ్లే దారిలో ఉన్న ముదిగొండకు వెయ్యేళ్లు దాటిన పేరుంది. వేంగి చాళుక్యులకు సామంతులైన ముదిగొండ చాళుక్యులు ఈ ఊరి పేరుతోనే చరిత్రకెక్కారు. వాళ్ల దానాలు రాగి రేకుల మీద నిలిచాయి. పక్కనే నేలకొండపల్లిలో బౌద్ధ స్తూపం ఇటుకలు నిలిచాయి. దానమిచ్చిన ఆ భూములను దున్నిన కర్రూ, ఆ పంట కోసిన కొడవలీ మాత్రం నిలవలేదు. తుప్పు తినేసిందని సరిపెట్టుకుంటాం కానీ అది సగం మాటే. మిగతా సగం కొలిమికి చెందుతుంది. అరిగిన ఇనుమును మన పల్లెలు పారేయలేదు, పదిలంగా దాచుకోనూ లేదు. మళ్లీ కాల్చి, సాగగొట్టి, ఇంకో పనిముట్టుగా మార్చుకున్నాయి. ఇవాళ ఎవరైనా ఒక పాత మడత చాకును బహుమతిగా ఇస్తే దాన్ని ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే వెతకాలి. కొందరు దాన్ని అద్దంలా మెరిసేదాకా అరగదీస్తారు. కొందరు తుప్పును కూడా తాకొద్దంటారు. చూడటానికి ఇవి ఎదురెదురు వాదాలు. అయినా తయారీదారు చేతి నుంచి బయటపడిన రోజుతోనే చాకు కథ ముగిసిందన్న నమ్మకం రెంటికీ ఉమ్మడిది. ఈ సీమ అలవాటు ఆ నమ్మకాన్ని ఒప్పుకోదు. ఇక్కడ కత్తి బతుకంతా మరమ్మతులోనే గడిచింది.

దీనికి మొదటి సాక్ష్యం కమ్మరికి ముట్టిన కూలి. ఊరి వృత్తులవాళ్లకు పంటలో వాటా ఇచ్చే ఆయగాళ్ల పద్ధతిలో కమ్మరికి వస్తువుకింతని వెల కట్టేవాళ్లు కాదు. పంట నూర్చాక కళ్లం దగ్గర మేర కొలిచేవాళ్లు. ఆ గింజలు ఏడాది పొడుగునా చేసిన పనికి: కర్రు సరిచేయడం, కొడవలికి కక్కు కొట్టడం, మొండిబారిన గొడ్డలిని కాల్చి పదును పెట్టడం. అంటే రైతు కొనుక్కున్నది కొడవలిని కాదు, ఏడాదంతా తెగే కొడవలిని. పనిముట్టు కట్టుబడి కూడా అందుకు తగ్గట్టే ఉండేది. ఒళ్లంతా మెత్తని ఇనుము, అంచుకు మాత్రం గట్టి ఉక్కు. అంచు అరిగిపోతే కొత్త ఉక్కు అతికేవాళ్లు. పిడి విరిగితే వడ్రంగి మరొకటి చెక్కేవాడు. తాత వాడిన గొడ్డలి అని మనవడు చూపించే గొడ్డలిలో తాతనాటి అంచూ ఉండకపోవచ్చు, కామా ఉండకపోవచ్చు. అయినా అది తాత గొడ్డలి కాదని ఊళ్లో ఎవరూ అనరు. దసరాకు ఆయుధపూజ పేరుతో ఇంట్లో ఇనుమంతా తోమి, పసుపు కుంకుమ పెట్టడం కూడా ఏటా పనిముట్లను ఒకసారి పరికించి చూసుకునే ఏర్పాటే.

ఖమ్మం మైదానం దాటి ఇల్లెందు, కొత్తగూడెం మీదుగా భద్రాచలం అడవిలోకి వెళ్తే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. గోదావరి కొండల్లోని కొండరెడ్ల గురించి 1945లో పుస్తకం వెలువరించిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్, పోడు సాగులో వాళ్లు వాడే తవ్వుకోల గురించి రాశాడు. అది ఒక కర్ర, దాని కొనకు ఇనుప మొన. కర్ర ఎప్పుడు కావాలన్నా అడవి ఇస్తుంది. ఇనుము మాత్రం బయటి నుంచి రావాలి. కాబట్టి ఆ మొన, దాంతోపాటు గొడ్డలి, కత్తి ఎంత కాలం నిలిస్తే అంత లాభం. ఇనుము దొరకడం కష్టమైన చోట మరమ్మతు మరింత విలువైన విద్య అవుతుంది.

రెండో సాక్ష్యం ఉక్కు చరిత్ర. తెలంగాణ ఉత్తర భాగంలో, నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఉక్కు చేసేవాళ్లు. బ్రిటిష్ సర్వేలో పనిచేసిన వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ ఆ పద్ధతిని చూసి రాసిన వివరణ, ఆయన చనిపోయిన ఎనిమిదేళ్లకు 1832లో అచ్చయింది. ఆ ఉక్కు కోసం ఇస్ఫహాన్ వర్తకులు అంత దూరం వచ్చేవాళ్లని అందులో ఉంది. అంతకుముందే, 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి ఇలాంటి భారతీయ ఉక్కు మీద ఒక పత్రం సమర్పించాడు. ఆ ఉక్కు బొంబాయి నుంచి వెళ్లింది. దాన్ని పరీక్షించడానికి జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల పనివాడు సాగగొట్టి చేసింది ఖడ్గం కాదు, కలాలు చెక్కుకునే చిన్న చాకు. ఉక్కు గుణం తేలేది చిన్న అంచు మీదనే అని ఆయనకు తెలుసు. తర్వాతి కాలంలో కోనసముద్రం మూసలు చల్లారాయి. నిజాం రైలు మార్గం 1889 నాటికి ఖమ్మం మీదుగా బెజవాడను అందుకుంది. ఇల్లెందులో బొగ్గు తవ్వకం కూడా ఆ కాలంలోనే మొదలైంది. రైళ్లు బొగ్గును మోసుకుపోయి, విదేశీ ఇనుమును చవగ్గా తెచ్చాయి. ఇనుము కరిగించే వృత్తి ఆ పోటీకి నిలవలేకపోయింది. పల్లెటూరి కొలిమి మాత్రం ఆరలేదు, ఎందుకంటే ఇంగ్లండులోని షెఫీల్డ్ నుంచి కొత్త కత్తి రాగలదు కానీ అరిగిన కత్తిని బాగుచేసే చెయ్యి రాలేదు. కోనసముద్రం ఉక్కు పోయాక రైలు ఇనుము, తర్వాత లారీ కమాను పట్టీ కొలిమికి ముడిసరుకయ్యాయి. సరుకు మారింది, పని మారలేదు.

మడత చాకు మన పొలం పనిముట్టు కాదు, నిజమే. పల్లెకు బాగా తెలిసిన మడత అలుగు మంగలి కత్తి. దాని కథ కూడా ఇదే చెబుతుంది. సానరాయి మీదా తోలుపట్టీ మీదా ఏళ్ల తరబడి నూరగా అలుగు సన్నబడుతూ వచ్చేది. రక్తం ద్వారా రోగాలు అంటుకుంటాయన్న ఎరుక పెరిగాక అలుగు స్థానంలో మనిషికొకటి చొప్పున మార్చే సగం బ్లేడు వచ్చింది. మడత పిడి మాత్రం అలాగే ఉంది. షెఫీల్డ్ చాకులు కూడా మొదటి నుంచీ విడి భాగాల కూర్పే: అలుగు, వెనుక స్ప్రింగు, పక్క రేకులు, వాటిని పట్టి ఉంచే మేకులు. వాటి పిడులకు వాడిన కడితి కొమ్ములో చాలా భాగం భారతదేశపు అడవుల నుంచి వెళ్లిందే. విప్పి మళ్లీ బిగించడానికి వీలున్న వస్తువును చేసినవాడే దానికి మరమ్మతు తప్పదని ముందే ఒప్పుకున్నాడు.

కాబట్టి బాగుచేసేవాళ్లకు నియమం ఇది: పదును తిరిగి రావాలి, ఒడ్డూ పొడవూ పోకూడదు. కీలుకు నూనె పట్టించి ఒక రాత్రి వదిలేయాలి, బలవంతంగా తెరవకూడదు. ఎర్రతుప్పు అలుగును తింటూనే ఉంటుంది కాబట్టి దాన్ని తీసేయాలి. గట్టిగా అంటుకున్న నల్లని పొర అలుగుకు హాని చేయదు, దాన్ని ఉంచాలి. వీధిలో తిరిగే సాన చక్రానికి చాకును అప్పగించకపోవడం మంచిది. పాత కార్బన్ ఉక్కు 200 డిగ్రీలు దాటి వేడెక్కేకొద్దీ మెత్తబడుతుంది. అంచు నీలం రంగు తిరిగిందంటే అక్కడ కాఠిన్యం చాలావరకు పోయినట్టే. నీళ్లు చల్లుతూ రాయి మీద చేత్తో నూరితే ఆ ప్రమాదం లేదు. పిడి పగిలితే మళ్లీ కడితి కొమ్మే కావాలని వెతకొద్దు. 1972 నాటి వన్యప్రాణి చట్టం, దాని తర్వాతి సవరణల ప్రకారం ఆ వ్యాపారం నేరం. టేకు ముక్కో, గేదె కొమ్మో చాలు.

దీనికి మూడు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది, మూస ఉక్కు అలుగు మీది నీటి చారల్లాంటి అల్లిక ఒకసారి అధిక వేడికి చెదిరితే మళ్లీ రాదు, మరమ్మతు పేరుతో చరిత్రను చెరిపేస్తామా అన్నది. ఇది సరైన అభ్యంతరం. అల్లికగానీ పనివాడి ముద్రగానీ ఉన్న అలుగును కొలిమికీ చక్రానికీ దూరంగా ఉంచాలి. అయితే అరుదైన ఆ అలుగుల కోసం పెట్టిన కట్టడిని లక్షల్లో తయారైన మామూలు చాకులన్నిటికీ రుద్దితే, వాడకంలో బతకాల్సినవి పెట్టెల్లో చస్తాయి. రెండోది, పల్లె మరమ్మతు పేదరికం నేర్పిన తప్పనిసరి, కమ్మరిని కులానికీ మేరకూ కట్టేసిన ఏర్పాటు, దాన్ని ఆదర్శంగా చూపడం అన్యాయం అన్నది. మేర సక్రమంగా అందని ఏళ్లున్నాయి, వద్దని లేచిపోయే స్వేచ్ఛ లేదు. ఆ కట్టు తెగిపోవాల్సిందే. అయితే కట్టు తెగాలంటే విద్య చావాలని లేదు. పనికి తగిన వెల చేతిలో పెట్టి చేయించుకోవడమే ఇవాళ దానికివ్వగల గౌరవం. మూడోది, మరమ్మతు ఖర్చుకు కొత్త చాకులు రెండొస్తాయి కదా అన్నది. వస్తాయి. కానీ బహుమతిగా వచ్చినదానికి అంగడి ధర కొలత కాదు. పైగా ఆ కొత్తవాటిలో చవకబారువి విప్పడానికే వీలు కాకుండా బిగిస్తారు, కీలు వదులైన రోజే వాటి ఆయుష్షు తీరుతుంది.

మన మరమ్మతు సంప్రదాయంలో ఒక లోటు మాత్రం ఉంది. ఏ చెయ్యి ఏం మార్చిందో రాసి పెట్టలేదు. అందుకే తరతరాల కమ్మరుల పని కనబడుతుంది కానీ వాళ్ల పేర్లు కనబడవు. ఇప్పుడు పాత చాకును బాగుచేయించేవాళ్లు ఆ లోటు తీర్చవచ్చు. ఏ మేకు మార్చారు, పిడికి ఏ కర్ర వేశారు, ఏ ఊరి కమ్మరి ఏ ఏడాది చేశాడు అని ఒక చీటీ రాసి చాకుతో ఉంచితే చాలు. తర్వాత దాన్ని అందుకునేవాళ్లకు పదునుతో పాటు ఆ పనివాడి పేరు కూడా ముడుతుంది.