నెత్తుటి మరకల సాక్ష్యం

నెత్తుటి మరకలు చూసి నేరం ఎలా జరిగిందో చెప్పవచ్చుననే ఆలోచన కొత్తది కాదు. 1895లోనే ఎడ్వర్డ్ పియట్రోవ్‌స్కీ అనే వైద్యుడు, తలకి దెబ్బ తగిలితే రక్తం ఎలా చిందుతుందో ప్రయోగాలు చేసి గ్రంథం ప్రచురించాడు.

అమెరికాలో ఈ విద్యకి పేరు తెచ్చింది శామ్ షెపర్డ్ కేసు. 1954 జులై 4న ఒహాయోలో, క్లీవ్‌లాండ్ దగ్గర, అతని భార్య హత్యకి గురైంది. షెపర్డ్‌కి యావజ్జీవ శిక్ష పడ్డాక, బర్క్‌లీ ఆచార్యుడు పాల్ కర్క్ ఆ గదిలోని మరకలు పరిశీలించి, హంతకుడు ఎడమ చేత్తో కొట్టాడని 1955లో ప్రమాణపత్రం రాసిచ్చాడు. 1966లో సుప్రీంకోర్టు శిక్ష రద్దు చేసింది. కారణం మరకలు కాదు, విచారణ మీద పడిన పత్రికల ప్రభావం. ఆ ఏడాదే జరిగిన మలి విచారణలో కర్క్ సాక్ష్యం చెప్పాడు; షెపర్డ్ నిర్దోషిగా బయటపడ్డాడు.

ఇందులో భౌతికశాస్త్రం గట్టిదే. రక్తం సాంద్రత నీటికంటే కొద్దిగానే ఎక్కువ. స్నిగ్ధత, అంటే చిక్కదనం, మూడు నాలుగు రెట్లు. తలతన్యత వల్ల గాలిలో ఎగిరే చుక్క గుండ్రంగా ఉంటుంది. నిట్టనిలువుగా పడితే గుండ్రటి మరక, ఏటవాలుగా పడితే కోలగా సాగిన మరక. వెడల్పుని పొడవుతో భాగిస్తే తాకిన కోణం తాలూకు సైన్ విలువ వస్తుంది. వెడల్పు పొడవులో సగముంటే కోణం 30 డిగ్రీలు. మనం ఇంటర్మీడియట్‌లో చదివిన లెక్కే.

చిక్కల్లా ఆ తరువాతే. ప్రోగ్రాములు రాసేవాళ్ళకి తెలుసు: వేరువేరు ఇన్‌పుట్‌లు ఒకే ఫలితం ఇవ్వవచ్చు. ఫలితం చూసి వెనక్కి వెళ్ళడం అంత తేలిక కాదు. 2000లో ఇండియానాలో ఒక మాజీ పోలీసు భార్య, ఇద్దరు పిల్లలు హత్యకి గురయ్యారు. అతని టీషర్టు మీద ఎనిమిది చిన్న మరకలున్నాయి. తుపాకీ పేలినప్పుడు చిందినవని ప్రాసిక్యూషన్ నిపుణులన్నారు. కొడుకుని ఎత్తబోతుంటే కూతురి జుట్టు తగిలి అంటుకున్నవని డిఫెన్సు నిపుణులన్నారు. రెండుసార్లు దోషి అన్నారు. 2013లో మూడో జ్యూరీ నిర్దోషి అంది. ఈలోగా, 2009లోనే, జాతీయ సైన్సు అకాడమీ నివేదిక ఈ నిపుణుల అభిప్రాయాల్లో శాస్త్రీయత కంటే సొంత అంచనాలే ఎక్కువని హెచ్చరించింది.

పౌరసత్వం తీసుకున్న మన ఇళ్ళకి జ్యూరీ పిలుపులు వస్తాయి. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నిపుణుడి డిగ్రీలు చూసి తల ఊపేయకుండా, అతను చెప్పినదాంట్లో కొలిచింది ఎంత, ఊహించింది ఎంత అని విడదీసి చూడాలి. మన తీర్పు మీద ఒక మనిషి జీవితం ఆధారపడి ఉంటుంది.